గేటు చప్పుడు: చిన్ననాటి మనసు గాయాలు మానడానికి ఏది ముందు, ఏది తర్వాత

మా నాన్న స్కూటర్ సందు మలుపు తిరగ్గానే నాకు తెలిసిపోయేది. గేటు చప్పుడయ్యేలోగా టీవీ కట్టేసి, పుస్తకం తెరిచి, మొహంలో నవ్వు తుడిచేసుకుని కూర్చోవడానికి ఇరవై సెకన్లు ఉండేవి. ఆ స్కూటర్ అమ్మేసి పాతికేళ్లయింది. నాకు నలభై దాటాయి. ఇప్పటికీ మేనేజర్ నుంచి "ఫ్రీ అయ్యాక ఒకసారి కాల్ చెయ్" అని మెసేజ్ వస్తే కడుపులో ఆ ఇరవై సెకన్లే మొదలవుతాయి. ఏం తప్పు చేశానా అని వారం రోజుల పనంతా తవ్వుకుంటాను. తీరా చూస్తే ఆయనకు కావలసింది ఏదో ఫైలు.

ఆ ఇరవై సెకన్లను ఎలా తగ్గించుకోవచ్చో రాస్తున్నాను. నేను చేసి చూసినవి కొన్ని, ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నవి కొన్ని. అన్నిటికంటే ముఖ్యం వరస. మనలో చాలామంది చివరి మెట్టు మీద మొదలుపెడతాం. ఏదో రీల్ చూసి లోపలిదంతా పొంగుకొచ్చి, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అందరి ముందూ అమ్మానాన్నల్ని నిలదీస్తాం. వాళ్లు "నీకేం తక్కువ చేశాం?" అంటారు. పాత గాయం మీద కొత్త దెబ్బ. నేనూ ఆ పని చేశాను. మూడు నెలలు మా మధ్య మాటల్లేవు.

ఏవి గాయాలు

"మా ఇంట్లో ఎవరూ చెయ్యి చేసుకోలేదు, మరి నాకెందుకిలా?" అని అడిగేవాళ్లు చాలామంది. మన ఇళ్లలో మామూలుగా జరిగేవే చూడండి. చుట్టాల ముందు ప్రోగ్రెస్ కార్డు చదివి నవ్వడం. పెద్దమ్మ కొడుకుతో రోజూ తూకం వేయడం. తప్పు చేస్తే తిట్టకుండా నాలుగు రోజులు మాట్లాడటం మానేయడం. నా లెక్కలో ఇది మొట్టికాయ కంటే లోతుగా దిగుతుంది, ఎందుకంటే శిక్ష ఎప్పుడు అయిపోతుందో పిల్లలకు తెలియదు. అమ్మానాన్నల గొడవలో రాయబారం నడపడం. తాగొచ్చిన నాన్నకు అన్నం పెట్టే పని పదేళ్ల పిల్ల మీద పడటం. ఒంటి రంగు మీద జోకులు. ఆరో తరగతిలోనే హాస్టల్లో వేసి, ఏడుస్తూ ఫోన్ చేస్తే "మిగతా పిల్లలు ఉండట్లేదా?" అనడం. ఇంకొందరికి చెప్పుకోవడానికి ఏ సంఘటనా ఉండదు. ఏడ్చినప్పుడు ఎవరూ దగ్గరికి తీసుకోలేదు, అంతే. జరగనిదాన్ని గుర్తుచేసుకోవడం కష్టం కాబట్టి వాళ్లు తమ బాధను తామే నమ్మరు.

1990ల్లో అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు 17 వేల మందికి పైగా పెద్దవాళ్లను బాల్యం గురించి అడిగారు. మాటలతో అవమానించడం, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం చూడటం లాంటివి ఎన్ని రకాలు ఎదుర్కొంటే, పెద్దయ్యాక డిప్రెషన్, తాగుడు, గుండెజబ్బు అంత ఎక్కువగా కనిపించాయి. మొదటి ఫలితాలు 1998లో వచ్చాయి. దాని ఆధారంగా తయారైన ప్రశ్నల పట్టికలు ఆన్‌లైన్లో దొరుకుతాయి, చాలామంది తమ స్కోరు చూసుకుని బెంబేలెత్తుతారు. ఆ లెక్క వేల మంది గుంపుకు సంబంధించింది. అది మీ జాతకం చెప్పదు.

ముందుగా ఒక హెచ్చరిక

ఇప్పుడు కూడా ఇంట్లో హింస నడుస్తున్నా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా, తాగనిదే నిద్ర పట్టకపోయినా ఇది పక్కన పెట్టి ముందు మనిషి సాయం తీసుకోండి. భారత ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

మిగతావాళ్లు కూడా జ్ఞాపకాలు తవ్వడంతో మొదలుపెట్టొద్దు. అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో మూడు దశలు చెప్పారు: ముందు భద్రత, తర్వాత గుర్తుచేసుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్లీ మనుషుల్లో కలవడం. ఇంటి పునాది తడిగా ఉండగా గోడ లేపరు కదా.

మొదటి మెట్టు: ఒళ్లు

భయం ముందు ఒంట్లో పుడుతుంది, ఆలోచన తర్వాత వస్తుంది. మేనేజర్ మెసేజ్ మొత్తం చదవకముందే నా కడుపు దేవడం మొదలవుతుంది. అందుకే ఆ క్షణంలో "ఇదంతా పిచ్చి భయం" అని మనకు మనం సర్దిచెప్పుకుంటే పనిచేయదు.

చేయవలసింది ఇది. అరికాళ్లు నేలకు ఆనించండి, వీలైతే చెప్పులు విప్పి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. వదిలే ఊపిరి పొడవుగా ఉండాలి, గుండె వేగాన్ని తగ్గించే నరాల వ్యవస్థ అప్పుడే పని అందుకుంటుంది. అలా ఆరేడుసార్లు. కళ్లు తెరిచే ఉంచండి. కళ్లు మూసుకుంటే కొందరికి పాత దృశ్యాలే ముందుకొస్తాయి. అప్పటికీ తగ్గకపోతే కనిపించే ఐదు వస్తువులు, తాకగలిగే నాలుగు, వినిపించే మూడు చప్పుళ్లు, రెండు వాసనలు, ఒక రుచి లెక్కపెట్టండి. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి మొహం మీద చన్నీళ్లు చల్లుకుంటాను. ఆఫీసులో ఎవరూ ఎందుకని అడగరు.

కిటుకు ఏమిటంటే, దీన్ని బాగున్నప్పుడే సాధన చేయాలి. రోజుకు రెండుసార్లు, మూడు వారాలు. మునిగిపోతున్నప్పుడు ఈత నేర్చుకోలేం.

ఒక పక్క మాట. చాలామంది నేరుగా పది రోజుల మౌన ధ్యాన శిబిరాలకు వెళతారు. అవి చాలామందికి మేలు చేస్తాయి, కాదనను. కానీ లోపల పెద్ద గాయం ఉన్నవాళ్లు ఏ ఆసరా లేకుండా పది రోజులు తమతో తామే కూర్చుంటే తట్టుకోలేకపోవచ్చు. అది రెండో ఏడాది పని అనుకోండి.

రెండో మెట్టు: చిట్టా

ఒక నోట్‌బుక్ తీసుకోండి. బాల్యం గురించి ఇంకా ఏమీ రాయొద్దు, ఈ వారం జరిగినవే రాయండి. ఒక్కో సంఘటనకు నాలుగు సంగతులు: ఏం జరిగింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, లోపల ఏ మాట వినిపించింది, ఆ క్షణంలో మీకు ఎన్నేళ్లున్నట్టు అనిపించింది.

ఉదాహరణకు ఇలా ఉంటుంది. "మంగళవారం. అత్తయ్యగారు ఫోన్లో 'కూరలో ఉప్పెక్కువైందటగా' అన్నారు. మెడ బిగుసుకుపోయింది. 'నీకు ఏ పనీ సరిగా రాదు.' తొమ్మిదేళ్లు."

నాలుగోది వింతగా అనిపిస్తుంది గానీ అన్నిటికంటే పనికొచ్చేది అదే. ముప్పై ఆరేళ్ల మనిషి ఉప్పు గురించి ఒక్క మాటకు గంటసేపు ఏడవడంలో అర్థం లేదు. తొమ్మిదేళ్ల పిల్ల ఏడవడంలో ఉంది. మూడు వారాల తర్వాత చిట్టా మొదటి నుంచి చదవండి. సంఘటనలు ముప్పై ఉండొచ్చు, లోపలి మాటలు మాత్రం రెండో మూడో ఉంటాయి. నావి రెండు: "దొరికిపోయావు", "నీ వల్ల ఇంటి పరువు పోయింది."

మూడో మెట్టు: తెలుగులో పేరు పెట్టడం

2007లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం ఒక ప్రయోగం చేసింది. కోపంగానో భయంగానో ఉన్న మొహాల ఫోటోలు చూపించి, ఆ ఉద్వేగానికి మాటతో పేరు పెట్టమంటే, మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం కాస్త శాంతించింది. పేరు పెట్టడమే ఒక మందు. చిక్కల్లా మనం వాడే పేర్లతో. "అప్‌సెట్ అయ్యాను", "స్ట్రెస్‌గా ఉంది", "మూడ్ బాలేదు". ఈ మూడు సంచుల్లో ఏదైనా పడుతుంది, ఏదీ బయటపడదు.

మన ఇంటి భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. ఉక్రోషం: కోపం ఉంది, చూపించే బలం లేదు, దాంతో కళ్లమ్మట నీళ్లు. ఇంట్లో ఎదురు చెప్పలేని పిల్లలకు ఇది బాగా తెలుసు. బెంగ: హాస్టల్లో ఆదివారం సాయంత్రం ఆరింటికి వచ్చేది. చిన్నబోవడం: నలుగురిలో మనం ఒక్కసారిగా పొట్టివాళ్లమైనట్టు. బిక్కచచ్చిపోవడం: మాట పడిపోయి బొమ్మలా నిలబడటం. చాలామంది దీన్ని తమ పిరికితనం అనుకుని ఏళ్ల తరబడి సిగ్గుపడతారు. పారిపోలేని, ఎదిరించలేని చోట ఒళ్లు తనంతట తాను చేసే పని అది, మీరు ఎంచుకున్నది కాదు.

అన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అలక. ఎవరో ఒకరు బతిమాలడానికి వస్తారన్న నమ్మకం ఉన్నవాళ్లే అలుగుతారు. రెండుసార్లు అలిగి, ఎవరూ రాక, ఆకలేసి తానే లేచి వచ్చి అన్నం తిన్న పిల్ల మూడోసారి అలగదు. "మా అమ్మాయి బంగారం, ఏనాడూ అలగలేదు" అని పెద్దవాళ్లు మురిసిపోతారు. ఆ అమ్మాయి పెళ్లయ్యాక భర్తను ఏదీ అడగదు, ఏదీ కావాలనదు, పదేళ్ల తర్వాత ఒక రోజు ఎందుకో తెలియకుండా కుప్పకూలుతుంది. మీకు అలగడం చివరిసారి ఎప్పుడో గుర్తులేకపోతే అది చిట్టాలో రాయండి.

పేరు తెలిస్తే చేయవలసింది కూడా తెలుస్తుంది. బెంగకు ఎవరో ఒకరి తోడు కావాలి. ఉక్రోషానికి గొంతు కావాలి, తలుపేసుకుని దిండులో అరిచినా సరే. సిగ్గుకు నమ్మకమైన ఒక్క మనిషి చాలు, చెప్పేస్తే సగం దిగుతుంది.

నాలుగో మెట్టు: నాలుగు రోజులు, పదిహేను నిమిషాలు

ఇప్పుడు వెనక్కి వెళ్లొచ్చు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమ జీవితంలోని బాధాకరమైన సంఘటన గురించి రాయించారు. జరిగిందీ, అప్పుడు అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి, లేకపోతే రెండో రోజే మానేస్తారు.

మీ జ్ఞాపకాలకు పదికి మార్కులు వేయండి, పది అంటే తలచుకోలేనిది. మొదటిసారి నాలుగు మార్కులదే తీసుకోండి. తొమ్మిది, పది మార్కులవి ఒంటరిగా ముట్టుకోవద్దు, అవి థెరపిస్ట్ దగ్గర తెరవాల్సినవి. పడుకునే ముందు రాయొద్దు. రాశాక చేయడానికి ఒక చేతి పని సిద్ధంగా ఉంచుకోండి, చిక్కుళ్లు ఒలవడమో మొక్కలకు నీళ్లు పోయడమో. అచ్చుతప్పులు చూడొద్దు, ఆపొద్దు. మధ్యలో ఒళ్లు మొద్దుబారినట్టు, ఎక్కడో దూరం నుంచి మిమ్మల్ని మీరే చూస్తున్నట్టు అనిపిస్తే ఆపేసి మొదటి మెట్టుకు వచ్చేయండి. నాలుగో రోజు మాత్రం ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: ఆ రోజు ఆ పిల్లవాడికి ఎవరు వచ్చి ఏం చెప్పి ఉంటే బాగుండేది?

తర్వాత చింపేస్తారో దాచుకుంటారో మీ ఇష్టం. నేను చింపేశాను. మా ఇంట్లో ఏ కాగితమైనా అందరూ చదువుతారు.

ఐదో మెట్టు: ఆ గొంతుకు జవాబు

అద్దం ముందు నిలబడి "నేను గొప్పవాణ్ని" అనుకోవడం నాకు ఎప్పుడూ పనిచేయలేదు. లోపలి గొంతు వెంటనే "ఆహా" అంటుంది. దానికి బదులు ఆ మాటకు చిరునామా రాయండి. "దొరికిపోయావు: నాన్న, 1993, లెక్కల్లో 42 మార్కులు." ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నారో తెలిస్తే అది లోకసత్యం హోదా పోగొట్టుకుని, ఒక అలసిపోయిన మనిషి ఒక సాయంత్రం అన్న మాటగా మిగులుతుంది.

తర్వాత జవాబు. ఎవరి గొంతుతో? బాల్యం ఎంత చేదుగా ఉన్నా చాలామందికి ఒక్కరైనా ఉంటారు. అమ్మమ్మో, మేనమామో, చాక్‌పీసు ముక్కలు ఇచ్చే టీచరో, హాస్టల్ మెస్‌లో ఇంకో గరిటె వేసే ఆయమ్మో. నాకు అమ్మమ్మ. ఆవిడ ఏ సమస్యకైనా ఒకటే అనేది: "పోన్లేరా, ముందు కాళ్లు కడుక్కుని రా." మేనేజర్ మెసేజ్ వచ్చినప్పుడు నాకు నేను ఇదే చెప్పుకుంటాను. ఎవరూ గుర్తురాకపోతే ఆ వయసులోని మీ ఫోటో ఒకటి తీసి, పక్కింటి పిల్లాడికి 42 వస్తే మీరేమంటారో ఆ ఫోటోకు అదే చెప్పండి. మొదట్లో నటిస్తున్నట్టు ఉంటుంది. ఉండనివ్వండి.

ఈ మెట్టు మీద ఏడుపు వస్తుంది. దక్కనిదాని కోసం ఏడవడం ఇది, చావు ఇంట్లో దుఃఖం లాంటిదే. తొందరపెట్టి ముగించేది కాదు.

అమ్మానాన్నలతో మాట్లాడాలా?

తప్పనిసరి కాదు. వాళ్లు మారకపోయినా, బతికి లేకపోయినా పై ఐదు మెట్లూ ఎక్కొచ్చు. లైంగిక వేధింపు జరిగి ఉంటే ఎదురుపడాల్సిన బాధ్యతగానీ, క్షమించాల్సిన బాధ్యతగానీ మీకు లేవు, చుట్టాలు ఏమన్నా సరే.

మాట్లాడాలనే అనుకుంటే, పండగ రోజు వద్దు, మూడో మనిషి ముందు వద్దు. ఇద్దరిలో కాస్త వినే మనసున్న వాళ్లతో మొదలుపెట్టండి. మొత్తం బాల్యం ముందు పెట్టకండి. ఒక్క సంఘటన, ఒక్క కోరిక. "నాన్నా, హాస్టల్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేసిన రోజు మీరు ఫోన్ పెట్టేశారు. నాకు అప్పుడు చాలా బెంగగా ఉండేది. మీరు తప్పు చేశారని అనట్లేదు, ఒకసారి వినండి చాలు." మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ "మేమెంత కష్టపడి ఫీజు కట్టామో తెలుసా" అనే ఉంటుంది. అది నిజం కూడా. వాళ్ల కష్టం నిజం, మీ బెంగా నిజం. ఒకటి రెండోదాన్ని కొట్టేయదు. అక్కడ వాదించకుండా ఆగిపోతే, కొన్నిసార్లు వారం తర్వాత మాట వస్తుంది.

మన పెద్దవాళ్ల నోట "సారీ" రావడం అరుదు. ఉదయం గొడవపడి మధ్యాహ్నం "అన్నం చల్లారిపోతోంది, తిను" అంటారు. వాళ్లకు వచ్చిన క్షమాపణ అదే కావచ్చు. దాన్ని గుర్తించండి. అయితే దానితోనే తృప్తి పడాలని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు, మీతో సహా.

గిరి గీయడం మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఐదు రోజుల బదులు రెండు రోజులు ఉండి వచ్చేయడం. "అమ్మా, నా లావు గురించి పిల్లల ముందు అనొద్దు. మళ్లీ అంటే ఫోన్ పెట్టేస్తాను, రేపు చేస్తాను." చెప్పినట్టు పెట్టేయాలి, చెప్పినట్టు రేపు చేయాలి. ఆ రెండో సగం మర్చిపోతే మనమూ వాళ్లలాగే మాట్లాడటం మానేసినవాళ్లం అవుతాం.

మీకు పిల్లలుంటే

మీ నోట్లోంచి నాన్న మాట యథాతథంగా బయటికొచ్చిన రోజు ఒకటి ఉంటుంది. అప్పుడు కుంగిపోకండి. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త తల్లుల్ని కాసేపు పసిబిడ్డల ముందు ఏ భావమూ లేని మొహంతో కూర్చోబెట్టాడు. బిడ్డలు తల్లిని కదిలించడానికి అన్నీ చేసి చూసి, చివరికి మొహం తిప్పుకున్నారు. ఆ తర్వాత ఆయన పరిశోధనంతా తేల్చిందేమిటంటే, మామూలు తల్లీబిడ్డల మధ్య కూడా తాళం చాలాసార్లు తప్పుతుంది, మళ్లీ కలుపుకోవడం ముఖ్యం. కాబట్టి అరగంట తర్వాత మీ పిల్లాడి పక్కన కూర్చుని, "ఇందాక గట్టిగా అరిచాను. తప్పు నాది. నీకు భయమేసిందా?" అని అడగండి. "నువ్వు అలా చేయబట్టే కదా" అన్న తోక తగిలించకండి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

చిట్టా రెండు నెలలు రాసినా ఏమీ కదలకపోతే, నిద్రా పనీ కాపురమూ దెబ్బతింటుంటే వెళ్లాల్సిందే. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ పైన మనోవైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, థెరపీ చేస్తారు. వాళ్లకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడం మర్యాద తక్కువేమీ కాదు. "కౌన్సిలర్", "లైఫ్ కోచ్" అని ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, జాగ్రత్త.

మొదటి రోజే అడగండి: బాల్యపు గాయాలతో వచ్చినవాళ్లను చూశారా, ఏ పద్ధతి వాడతారు, తెలుగులో మాట్లాడొచ్చా. ట్రామా, అంటే మనసు గాయం మీద దృష్టి పెట్టిన సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకునే చికిత్స), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదుపుతూ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) అనే రెండు పద్ధతులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. అదే సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు 2022 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి (పెద్ద దెబ్బ తర్వాత మనసులో మిగిలిపోయే పీటీఎస్‌డీ అనే జబ్బులో ఇంకా లోతైన రకం) విడిగా చోటిచ్చారు. ఎక్కువ కాలం తప్పించుకోలేని బాధ పడినవాళ్లలో ఉద్వేగాలు అదుపు తప్పడం, తాము పనికిరామన్న నమ్మకం, మనుషులతో దగ్గర కాలేకపోవడం, మామూలు పీటీఎస్‌డీ లక్షణాలకు తోడుగా, దాని గుర్తులు. థెరపిస్ట్ "తల్లిదండ్రులు దేవుళ్లు, మర్చిపోండి" అన్నారంటే ఫీజు కట్టేసి ఇంకొకరిని వెతుక్కోండి. మూడో మనిషి దగ్గర కుదిరినవాళ్లు చాలామంది.

డబ్బు ఇబ్బందైతే హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, ప్రభుత్వ బోధనాసుపత్రుల సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. ఎర్రగడ్డ అనగానే నవ్వే అలవాటు మనకు సినిమాల నుంచి వచ్చింది. అక్కడి ఓపీలో కూర్చునేవాళ్లు మీలాంటివాళ్లే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు మానసిక జబ్బుకూ ఒంటి జబ్బుతో సమానంగా కవరేజీ ఇవ్వాలి. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి కాబట్టి థెరపీ ఖర్చు వస్తుందో లేదో ముందే చూసుకోండి.

ఎన్నాళ్లు పడుతుంది

నెలలు, కొందరికి ఏళ్లు. గాయం మానుతున్నప్పుడు దురద పెట్టినట్టు మధ్యలో ఎక్కువవుతుంది కూడా. పెళ్లి, ప్రసవం, ఇంట్లో ఒకరు పోవడం, మీ పిల్లలు సరిగ్గా మీ గాయపు వయసుకు రావడం, ఇవి మళ్లీ వెనక్కి లాగే సందర్భాలు. అప్పుడు మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టడమే. ఈసారి మూడు వారాలు పట్టదు, మూడు రోజులు చాలు. బాగుపడ్డానని తెలిసే గుర్తు ఒకటుంది: భయం రావడం ఆగదు, వెళ్లిపోవడం త్వరగా అవుతుంది. అందుకే చిట్టాలో టైము కూడా రాయమంటాను.

మొన్నటి నా పేజీలో ఇలా ఉంది: "గురువారం రాత్రి 9:10. నాన్న ఫోన్, ఈ టైములో ఎప్పుడూ చేయరు. కడుపులో దేవింది. పదకొండేళ్లు. కాళ్లు నేలకు ఆనించి నాలుగుసార్లు ఊపిరి వదిలాను. ఎత్తాను. కందిపప్పు బస్సులో వేశారట, నంబరు రాసుకోమన్నారు. 9:12."